బెల్లం మనదే, బాక్టీరియా ఎవరిది?

విశాఖలో బయోప్లాస్టిక్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక లెక్క వినిపిస్తుంది. అనకాపల్లిలో బెల్లం ఉంది. గోవాడలో సహకార చక్కెర కర్మాగారం ఉంది. పరవాడ ఫార్మా సిటీలో రసాయన పరిశ్రమ నడిపిన అనుభవం ఉంది. సరుకు ఎక్కించడానికి రేవు ఉంది. చెరకు చక్కెరను పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది, దాన్ని గొలుసుగా కడితే పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే పీఎల్ఏ అనే బయోప్లాస్టిక్, వస్తుంది. మరి పెట్టుబడి తప్ప ఇంకేం కావాలి అని అడుగుతారు.

ఇంకోటి కావాలి. ఒక బాక్టీరియా కావాలి. దాని కణంలో ఒక ఎంజైము ఉండాలి, మరో ఎంజైము ఉండకూడదు. ఈ రెండో షరతు గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడరు. పరిశ్రమ నిలబడేదీ పడిపోయేదీ మాత్రం దాని మీదే.

నేను చదివింది బయోకెమిస్ట్రీ. కొన్నేళ్లు మందుల తయారీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను, ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఈ రెండు పనుల వల్లా నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది: ఉత్తరాంధ్రకు లాక్టిక్ ఆమ్లం పరిశ్రమ రావాలంటే మొదటి రూపాయి భూమి మీదా ట్యాంకుల మీదా కాదు, బాక్టీరియాను వెతకడం మీదా దాని ఎంజైములను కొలవడం మీదా పెట్టాలి. ఎందుకో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

లాక్టిక్ ఆమ్లం చాలా చిన్న అణువు. మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు, అంతే. స్వీడన్‌లో షీలే 1780లో పులిసిన పాలలోంచి దాన్ని మొదటిసారి వేరుచేశాడు. దాని నడిమి కార్బన్‌కు నాలుగు వైపులా నాలుగు వేర్వేరు గుంపులు ఉంటాయి. అందువల్ల ఆ నాలుగింటినీ రెండు రకాలుగా అమర్చవచ్చు, ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఎడమకాలి చెప్పూ కుడికాలి చెప్పూ లాగన్నమాట: తోలు ఒకటే, కొలత ఒకటే, బరువు ఒకటే, అయినా ఒకదాని చోట ఇంకోటి పట్టదు. ఒకదాన్ని ఎల్ రూపం అనీ ఇంకోదాన్ని డి రూపం అనీ అంటాం. రెండూ సగం సగం కలిస్తే రెసిమిక్ మిశ్రమం. ఒక్కటే, వందకు తొంభై తొమ్మిది పాళ్లకు తగ్గకుండా ఉంటే, దాన్ని ఆప్టికల్‌గా శుద్ధమైనది అంటాం.

పులిసిన పాలలోని ఆమ్లమూ మాంసంలోంచి తీసిన ఆమ్లమూ ఫార్ములాలో ఒకటే అయినా ధ్రువిత కాంతి (ఒకే తలంలో కంపించే కాంతి) ముందు వేరువేరుగా ప్రవర్తించడం పందొమ్మిదో శతాబ్దపు రసాయనవేత్తలకు పెద్ద చిక్కుముడి. పరమాణువులు ఏ వైపు అమరి ఉన్నాయన్నదే తేడా అని జర్మనీలో విస్లిసెనస్ 1873లో వాదించాడు. మరుసటి ఏడాదే వాన్ట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారుగా కార్బన్ నాలుగు దిక్కుల అమరికను ప్రతిపాదించారు. రసాయనశాస్త్రంలో ఒక శాఖ మొత్తానికి పులిసిన పాలతో ఇంత చుట్టరికం ఉందని మా పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు వెలుగుతాయి. వీటికి ముందే, 1858 ప్రాంతంలో, పాశ్చర్ ఇంకో గొప్ప సంగతి గమనించాడు. టార్టారిక్ ఆమ్లపు రెసిమిక్ మిశ్రమంలో బూజు పెరిగితే అది ఒక రూపాన్నే తినేసి రెండోదాన్ని వదిలేసింది. బ్రతికున్న కణానికి ఎడమా కుడీ తెలుసు అన్నమాట.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం, ఎందుకంటే ఇక్కడే ఒక పొరపాటు వాదన మొదలవుతుంది. తరతరాలుగా పిండి పులియబెట్టుకుంటున్నాం, పాలు తోడుపెట్టుకుంటున్నాం, లాక్టిక్ బాక్టీరియా మనకు కొత్తా అని అంటారు. నిజమే, కొత్త కాదు. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగిందంటే అందులో ముఖ్యమైన పాత్ర ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడీస్‌ది. అది కార్బన్ డయాక్సైడ్ వదిలి పిండిని లేపుతుంది, పులుపుగా డి-లాక్టిక్ ఆమ్లం ఇస్తుంది. అదే పిండిలో పెరిగే ఎంటెరోకాకస్ ఎల్ రూపం ఇస్తుంది. పెరుగులో స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ చేసేది ఎల్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ చేసేది డి. ఇంటి తోడులో ఇంకా ఎన్నో ఉంటాయి, వాటిలో కొన్ని రెండూ చేస్తాయి. అంటే మన గిన్నెలో ఎప్పుడూ ఉండేది మిశ్రమమే. తినడానికి అంతకంటే మంచిది ఇంకేం కావాలి? రుచికి ఎడమా కుడీ అక్కర్లేదు. కానీ ఆ గిన్నెను పదివేల రెట్లు పెద్దది చేస్తే పీఎల్ఏ కర్మాగారం అయిపోదు. అందులోంచి వచ్చే ఆమ్లంతో పనికొచ్చే ప్లాస్టిక్ తయారవదు.

డి రూపం అనగానే పెరుగు తినడానికి భయపడేవాళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు కాబట్టి ఒక్క మాట. మన కండరాలు చేసుకునేది ఎల్ రూపం. డి రూపాన్ని కూడా శరీరం కరిగించుకుంటుంది, కాకపోతే నెమ్మదిగా. చిన్నపేగులో చాలా భాగం తీసేసిన రోగుల్లో పెద్దపేగు బాక్టీరియా అతిగా డి తయారుచేసి రక్తాన్ని ఆమ్లంగా మార్చే జబ్బు ఉంది, మనుషుల్లో దాన్ని 1979లో మొదట వర్ణించారు. పసిపిల్లల ఫార్ములాలో ఎల్ చేసే బాక్టీరియానే వాడాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నియమం. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు గడ్డపెరుగు హాయిగా తినవచ్చు.

కణంలో ఈ నిర్ణయం జరిగే చోటుకు వెళ్దాం. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

బాక్టీరియా చక్కెరను ముక్కలు చేసి పైరువేట్ అనే అణువు దాకా తెస్తుంది. ఆ దారిలో ఎన్ఏడీ అనే సహాయక అణువు హైడ్రోజన్‌ను మోసుకుని ఎన్ఏడీహెచ్‌గా మారి కూర్చుంటుంది. ఆ బరువు దించకపోతే చక్కెరను విరగ్గొట్టే పని ఆగిపోతుంది. దించే చోటు పైరువేట్. దించేది లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము. పైరువేట్ నడిమి కార్బన్ దగ్గర అణువు బల్లపరుపుగా ఉంటుంది, దానికి ఇంకా ఎడమా కుడీ లేవు. హైడ్రోజన్ ఒక ముఖం వైపు నుంచి వచ్చి తగిలితే ఎల్, అవతలి ముఖం నుంచి తగిలితే డి. బీకరులో జరిగే మామూలు రసాయన చర్యలో రెండు ముఖాలకూ సమానంగా తగులుతుంది, సగం సగం వస్తుంది. ఎంజైములో మాత్రం ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం పైరువేట్‌ను ఒక చివర గట్టిగా పట్టుకుంటుంది, హిస్టిడైన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ప్రోటాన్ అందిస్తుంది, ఎన్ఏడీహెచ్ ఒకే వైపు నుంచి రాగలిగేలా గూడు ఉంటుంది. తప్పు ముఖానికి అసలు చోటే ఉండదు.

ఎల్ చేసే ఎంజైమూ డి చేసే ఎంజైమూ ఒకదాన్ని తిరగేస్తే వచ్చేవి కావు. రెండూ చుట్టాలే కావు. ఎల్ ఎంజైము మాలేట్ డీహైడ్రోజినేజ్ కుటుంబానికి చెందినది, డి ఎంజైము పూర్తిగా వేరే కుటుంబం. అమైనో ఆమ్లాల వరుసలో చెప్పుకోదగ్గ పోలిక లేదు, ఎన్ఏడీని పట్టుకునే భాగం తప్ప మడతలోనూ పోలిక లేదు. అయినా రెండూ ఒకే పైరువేట్‌ను, ఒకే ఎన్ఏడీహెచ్‌ను తీసుకుని, ఆర్జినైన్ హిస్టిడైన్ జంటతోనే పనిచేస్తాయి, ఎదురెదురు ముఖాల మీద. పరిణామం ఒకే సమస్యను రెండుసార్లు, రెండు వేరే చోట్ల నుంచి బయలుదేరి సాధించింది. దీనివల్ల మనకు ఒక మేలు జరిగింది. రెండూ వేర్వేరు జన్యువులు కాబట్టి ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని ఉంచవచ్చు.

అంత తేలికే అయితే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. రెండు జన్యువులూ ఒకే బాక్టీరియాలో ఉండడం మామూలే. అవి చాలనట్టు మూడో ఎంజైము కూడా ఉండవచ్చు: లాక్టేట్ రెసిమేజ్. ఇది ఎల్‌ను డిగా, డిని ఎల్‌గా మారుస్తూ కూర్చుంటుంది. ఊరగాయల్లో, పులిసిన కూరగాయల్లో విరివిగా ఉండే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఇది ఉంది. దాని గుండెలో ఒక నికెల్ పరమాణువు, నికోటినిక్ ఆమ్లం నుంచి తయారైన ఒక పట్టుకారులో బిగించి ఉంటుందని 2015లో తేలింది. ఎంజైముల్లో అలాంటి నిర్మాణం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఈ బాక్టీరియాకు అంత కష్టం ఎందుకు? దాని కణ గోడకు డి-లాక్టేట్ (కణంలో డి-లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) కావాలి. చాలా బాక్టీరియాల గోడ ముక్కల చివర రెండు డి-అలనైన్లు ఉంటాయి, వాంకోమైసిన్ మందు వాటినే పట్టుకుని చంపుతుంది. ప్లాంటారమ్ ఆఖరి అలనైన్ బదులు డి-లాక్టేట్ పెట్టుకుంది. అందుకే వాంకోమైసిన్ దాన్నేమీ చేయలేదు. మనం అపరిశుద్ధి అనుకునేది దానికి ప్రాణరక్షణ.

కాబట్టి జన్యువు తీసేయడం అంటే ఆ కణం ఎందుకు బతుకుతోందో తెలిసి చేయాల్సిన పని. జపాన్‌లోని కోబే పరిశోధకులు 2009లో ప్లాంటారమ్‌లో ఎల్ ఎంజైము జన్యువును తొలగించి 99 శాతానికి పైగా శుద్ధమైన డి-లాక్టిక్ ఆమ్లం రాబట్టారు. రెసిమేజ్‌ను మేల్కొలిపేది ఎల్-లాక్టేటే కాబట్టి, ఎల్ తయారీ ఆగిపోతే రెసిమేజ్ కూడా నిద్రలోనే ఉండిపోతుంది. ఇంకో ఉదాహరణ ఇ. కోలై అనే పేగు బాక్టీరియా. దానికి సహజంగా ఉన్నది డి ఎంజైము. దాన్ని తీసి ఎల్ ఎంజైము పెట్టినా, వచ్చిన ఆమ్లంలో కాస్త కల్తీ మిగిలిపోతూనే ఉంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు వెతికి వెతికి 2006లో కారణం పట్టుకున్నారు. పైరువేట్‌తో సంబంధం లేకుండా, మిథైల్‌గ్లైఆక్సాల్ మీదుగా వెళ్లే ఒక చిన్న అడ్డదారిలో రెండు రూపాలూ కొద్దికొద్దిగా తయారవుతున్నాయి. ఆ దారి మొదటి ఎంజైము జన్యువును తీసేశాక గానీ శుద్ధి కుదరలేదు. ఒక శాతం కల్తీ వెనక ఇంత కథ ఉంటుంది.

ఆ ఒక్క శాతానికి ఇంత పట్టుదల అవసరమా? అవసరమే. పూర్తిగా ఎల్‌తో కట్టిన పీఎల్ఏ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి పొందికగా సర్దుకుని స్ఫటికాలవుతాయి, 175 నుంచి 180 డిగ్రీల దగ్గర కరుగుతాయి. మధ్యలో డి అణువు దూరిన చోటల్లా ఆ పొందిక చెడుతుంది, కరిగే ఉష్ణోగ్రత దిగిపోతూ వస్తుంది. డి పాలు పదీ పదిహేను శాతానికి చేరితే స్ఫటికం కట్టడమే మానేస్తుంది. స్ఫటికం కట్టని పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఊళ్లో గ్లాసులో పోసే టీ అంతకంటే వేడిగానే ఉంటుంది. జగదాంబ సెంటర్‌లో పొగలు కక్కే టీ పోసినా గ్లాసు కుంగకుండా నిలబడాలంటే, ఆ గ్లాసు చేసిన బాక్టీరియాలో డి ఎంజైము లేకుండా ఉండాలి. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. శుద్ధమైన ఎల్ గొలుసులనూ శుద్ధమైన డి గొలుసులనూ విడివిడిగా తయారుచేసి కలిపితే, రెండూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుని 230 డిగ్రీల దాకా తట్టుకునే పదార్థం అవుతుంది. జపాన్‌లో 1987లో ఇది చూపించారు. అణువుల దశలో కలిసిపోయిన మిశ్రమం పనికిరాదు, విడివిడిగా శుద్ధమైన రెండు గొలుసుల కలయిక మాత్రం అన్నిటికంటే గట్టిది.

ఫార్మా వైపు నుంచి వచ్చిన మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. కల్తీ ఉంటే తర్వాత శుద్ధి చేసుకోవచ్చు కదా, మనం రోజూ చేసే పనే కదా అని. గౌరవంతోనే కాదంటాను. ఎల్, డి రూపాలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరుగుతాయి, ఒకేలా కరుగుతాయి. బట్టీ పట్టినా, వడపోసినా విడిపోవు. మందుల తయారీలో టార్టారిక్ ఆమ్లం లాంటి ఒంటి రూపపు అణువును జతచేసి ఒక లవణాన్ని స్ఫటికంగా దించుతాం, అవతలి సగాన్ని పక్కన పెడతాం. కిలో లెక్కన అమ్మే మందుకు ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. టన్ను లెక్కన అమ్మే ప్లాస్టిక్‌కు గిట్టదు. లాక్టిక్ ఆమ్లాన్ని జంటలు కట్టించి లాక్టైడ్ చేసే దశలో కొంత అవకాశం ఉన్నమాట నిజమే. ఒక ఎల్, ఒక డి జతకడితే వచ్చే మీసో-లాక్టైడ్ 53 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఎల్ జంట 97 దగ్గర, కాబట్టి విడదీయవచ్చు. కానీ ప్రతి డి అణువూ తనతో పాటు ఒక మంచి ఎల్ అణువును లాక్కుపోతుంది. ఒక శాతం కల్తీకి దాదాపు రెండు శాతం సరుకు పోతుంది. అసిటాల్డిహైడ్, హైడ్రోజన్ సయనైడ్‌లతో చేసే రసాయన పద్ధతిలో ఎలాగూ సగం సగమే వస్తుంది. ప్రపంచంలో లాక్టిక్ ఆమ్లం తయారీ చాలా వరకు కిణ్వనం, అంటే పులియబెట్టడం, వైపే నిలబడడానికి కారణం ఇదే.

మునగపాక దగ్గర చెరకు వేసే మా మావయ్య ఒకసారి అడిగాడు. "ఏటమ్మా, మన బెల్లంతో ప్లాస్టిక్ చేస్తారంట, మాకేటైనా రేటు వస్తాదా?"

"బెల్లంతో కాదు మావయ్యా, చేస్తే మొలాసిస్‌తోనో చెరకు రసంతోనో చెయ్యాల. నీ బెల్లం తినేవాళ్లకే అమ్ముకో" అన్నాను.

ఆయనకు చెప్పిన దాని వెనక లెక్క ఉంది. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లంలో మిగిలే సల్ఫైటు బాక్టీరియాకు గిట్టదు. చక్కెర తీశాక మిగిలే మడ్డి, అంటే మొలాసిస్, చవక, కానీ దానికీ ఒక తిరకాసు ఉంది. చెరకు కొట్టి గానుగకు చేరే లోపే దానిమీద బాక్టీరియా పని మొదలవుతుంది, ముఖ్యంగా మన ఇడ్లీ పిండిలోని ఆ ల్యూకోనోస్టాకే. చక్కెర మిల్లుల్లో రసాన్ని జిగురుగా మార్చి పైపులను సతాయించేది కూడా అదే. దానివల్ల ముడిసరుకులోనే కాస్త లాక్టిక్ ఆమ్లం ముందుగా చేరిపోతుంది, అది మనకు కావలసిన రూపం అనే హామీ లేదు. లాక్టిక్ బాక్టీరియా తిండి విషయంలో చాలా గారాబం పోతాయి. అమైనో ఆమ్లాలు, బి విటమిన్లు బయటి నుంచి అందించాలి. ఈస్ట్ సారం ఖరీదు కాబట్టి చవకగా మొక్కజొన్న నానబెట్టిన నీళ్లు వాడతారు, అందులోనూ రెండు రూపాల లాక్టిక్ ఆమ్లం ముందే ఉంటుంది. ట్యాంకులో బాక్టీరియా ఎంత శుద్ధంగా పనిచేసినా, గిన్నెలో పోసినదే కలుషితమైతే లెక్క చెడిపోతుంది.

రైతుబజార్ల కూరగాయల చెత్తనూ హోటళ్ల మిగులు అన్నాన్నీ లాక్టిక్ ఆమ్లంగా మార్చేద్దాం అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు పోయే చెత్త తగ్గాలని నాకూ ఉంది. కానీ ఆ చెత్త లారీ ఎక్కకముందే నానా రకాల బాక్టీరియా దాన్ని పులియబెట్టేస్తుంది. అందులోంచి వచ్చే మిశ్రమంతో పశువుల దాణానో శుభ్రపరిచే ద్రవమో చేసుకోవచ్చు. పీఎల్ఏ చేయాలంటే ముందు ఆ పాత లాక్టేట్‌ను తినేసే ఇంకో బాక్టీరియాను పెంచాలి. కుదరదని అనను. ఆ ఖర్చు లెక్కలో చూపించమంటాను.

అలాగని నాకు చెరకు మీద నమ్మకం లేకపోలేదు. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి ఇథనాల్ చేస్తే సిద్ధాంతపరంగా వచ్చేది 92 గ్రాములు, మిగతా 88 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. అదే ఒక్క లాక్టిక్ ఆమ్లమే చేసే బాక్టీరియాకు ఇస్తే 180కి 180 గ్రాములూ ఆమ్లంగా రావచ్చు. రైతు పండించిన ఒక్క కార్బన్ పరమాణువు కూడా వృథా కాని దారి అది. మొలాసిస్ ఎక్కువగా ఇంధన ఇథనాల్ వైపే ప్రవహిస్తున్న ఈ రోజుల్లో ఈ లెక్క గట్టిగా చెప్పాలి.

మరి ఏ బాక్టీరియా? నా ఓటు బాసిల్లస్ కొయాగ్యులన్స్‌కు. మందుల షాపులో విరేచనాలకు ఇచ్చే లాక్టిక్ ఆసిడ్ బాసిల్లస్ బిళ్లల్లో ఉండేది ఇదే. ఎల్ రూపం చేస్తుంది, 50 నుంచి 55 డిగ్రీల దగ్గర సుఖంగా పెరుగుతుంది. ఆ వేడిలో దారిన పోయే లాక్టోబాసిల్లస్‌లు చాలావరకు ట్యాంకులో దూరలేవు. పెద్ద ట్యాంకులో శుద్ధి చెడేది చాలాసార్లు అలాగే: మన బాక్టీరియా మంచిదే, ఆఖరి గంటల్లో బయటిది చేరి డి కలిపి పోతుంది. విశాఖ ఎండల్లో ట్యాంకును 37 డిగ్రీలకు చల్లబరచడం కంటే 50 దగ్గర ఉంచడం చాలా తేలిక కూడా. డి రూపానికైతే దానిలాగే బీజకోశాలు (వేడికి తేలిగ్గా చావని స్పోర్లు) కట్టే స్పోరోలాక్టోబాసిల్లస్ ఇన్యులినస్ ఉంది. ఏది వాడినా ఆమ్లం పెరిగేకొద్దీ బాక్టీరియా మొరాయిస్తుంది కాబట్టి సున్నం కలుపుతూ పోవాలి. చివర్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆమ్లాన్ని విడిపిస్తే దాదాపు టన్నుకు టన్ను జిప్సం మిగులుతుంది. ఆ జిప్సం ఎక్కడ పోస్తారో ముందే చెప్పని ఏ ప్రాజెక్టు నివేదికనూ నమ్మకూడదు.

కొలత దగ్గరికి వస్తాను, నాకు బాధ కలిగించేది ఇక్కడే ఉంది. బయోటెక్నాలజీ ప్రాజెక్టుల కోసం లాక్టిక్ ఆమ్లం మీద పనిచేసే పిల్లలు ఏటా కనిపిస్తారు. అరటి తొక్కతో, సగ్గుబియ్యం నీళ్లతో, మొలాసిస్‌తో చేస్తారు, ఎంతో ఇష్టంగా చేస్తారు. చివర్లో ఫినాఫ్తలీన్ వేసి సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి ఇన్ని గ్రాములని రాస్తారు. ఎంత ఆమ్లం అన్నది రాస్తారు, ఏ ఆమ్లం అన్నది ఉండదు. అడిగితే ధ్రువిత కాంతి ఎంత తిరిగిందో కొలిచే పోలారిమీటర్ లేదంటారు. ఉన్నా దానితో పెద్దగా తేలదు. లాక్టిక్ ఆమ్లం కాంతిని తిప్పేది నాలుగు డిగ్రీల లోపే, దాని లవణాలు అటు వైపు కాకుండా ఎదురు వైపు తిప్పుతాయి, గాఢత పెరిగితే అణువులు తమలో తాము జతకట్టి రీడింగును ఇంకా తారుమారు చేస్తాయి. ఒక శాతం కల్తీ అందులో కనబడదు. ఎల్, డి రూపాలను విడదీసి చూపే కైరల్ కాలమ్‌తో హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయాలి, లేదా ఎంజైములతోనే కొలవాలి. పరవాడ పరీక్షశాలల్లో కైరల్ కాలమ్ కొత్త వస్తువు కాదు. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు ప్రపంచాలూ, కాలేజీ ప్రయోగశాలా ఫార్మా ప్రయోగశాలా, ఒకదాని సంగతి ఒకటి పట్టించుకోకుండా నడుస్తున్నాయి. లాక్టిక్ బాక్టీరియా కావాలంటే పుణెలోని ఎన్‌సీఐఎం నుంచో చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచో, అంటే సూక్ష్మజీవులను దాచి సరఫరా చేసే జాతీయ భాండాగారాల నుంచి, గాజు గొట్టంలో తెప్పించుకుంటాం. తెప్పించుకోవడంలో తప్పు లేదు. మన చెరకు తోటల్లో ఏముందో మనకు తెలియకపోవడం తప్పు.

పెద్ద ఎత్తున పీఎల్ఏ చేసే పరుగులో మనం ఇప్పుడు దిగడం నాకు తెలివిగా అనిపించదు. అమెరికాలో నెబ్రాస్కాలోని బ్లెయిర్ కర్మాగారం 2002 నుంచి నడుస్తోంది. థాయిలాండ్‌లోని రేయాంగ్‌లో ఏటా 75,000 టన్నుల సామర్థ్యం ఉంది. మన దేశంలోనే బలరాంపూర్ చీనీ మిల్స్ ఉత్తరప్రదేశ్‌లోని కుంభీలో ఏటా 80,000 టన్నులకు సిద్ధమవుతోంది. వాళ్లతో టన్నుల్లో పోటీపడే కంటే, కిలోల్లో విలువ ఉన్న చోట మనం మొదలుపెట్టాలి. శస్త్రచికిత్సలో కుట్లు వేసి వదిలేస్తే ఒంట్లోనే కరిగిపోయే పాలీగ్లాక్టిన్ దారంలో పది పాళ్లు ఎల్-లాక్టైడ్. విరిగిన ఎముకకు బిగించే, తర్వాత తీయనక్కర్లేని స్క్రూలు పీఎల్ఏవే. ప్రొస్టేట్ కాన్సర్‌కు నెలకోసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్లో మందును పట్టి ఉంచేది కూడా ఈ కుటుంబపు పాలిమరే, అక్కడ మాత్రం స్ఫటికం కట్టకుండా నిదానంగా కరగాలని కావాలనే రెండు రూపాలూ కలుపుతారు. అంటే వైద్యానికి కావలసింది రెండు రూపాల మీదా పూర్తి పట్టు. వైద్య పరికరాల తయారీకి ప్రత్యేకంగా కట్టిన మెడ్‌టెక్ జోన్ మన ఊళ్లోనే ఉంది. కేజీహెచ్ పెద్దాసుపత్రి మన ఊళ్లోనే ఉంది. శుద్ధమైన డి-లాక్టిక్ ఆమ్లం చేసేవాళ్లు ప్రపంచంలోనే తక్కువ. మనకు సరిపడే చోటు ఇది.

సముద్రం పేరు చెప్పి పీఎల్ఏను అమ్మడం కూడా ఆపాలి. ఆర్కే బీచ్‌లో పారేసిన పీఎల్ఏ గ్లాసు కరిగిపోదు. దానికి 60 డిగ్రీల దగ్గర ఉండే కంపోస్టు గుట్ట కావాలి, బంగాళాఖాతం నీళ్లు ఎన్నడూ అంత వేడెక్కవు. సేకరించి కంపోస్టు చేసే ఏర్పాటు లేనిచోట అది మామూలు ప్లాస్టిక్‌లాగే అలల్లో తిరుగుతుంది. ఈ నిజం దాచి తెచ్చే పరిశ్రమ మీద జనానికి నమ్మకం నిలవదు, నిలవకూడదు కూడా.

చేయగలిగిన పని ఒకటి చెప్తాను, దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. చెరకు ఆడే కాలంలో గానుగ పాకల దగ్గరా మిల్లు వెనకా పిప్పి కుప్పలు పడి ఉంటాయి. వాటి లోపల చెయ్యి పెడితే కాలుతుంది, ఎవరూ నిప్పు పెట్టకుండానే. అంత వేడిలో, చక్కెర తడిలో, బతకడం నేర్చుకున్న బీజకోశ బాక్టీరియా అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. కుప్ప లోపలి నుంచి చిటికెడు తెచ్చి, నీళ్లలో కలిపి 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే మామూలు బాక్టీరియా చచ్చిపోతుంది, బీజకోశాలు మిగులుతాయి. కాల్షియం కార్బొనేట్ కలిపిన అగార్ ప్లేటు మీద 50 డిగ్రీల దగ్గర పెంచితే, ఆమ్లం చేసే ప్రతి చుక్క చుట్టూ తెల్లదనం కరిగి వలయం ఏర్పడుతుంది. మా పిల్లలు సాధారణంగా ఈ వలయం ఫొటో తీసుకుని ఆగిపోతారు. ఎల్ చేసినా, డి చేసినా, రెండూ చేసినా వలయం ఒకేలా ఉంటుంది.

అక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకు వేయాలి. ఏ డిగ్రీ కాలేజీలోనైనా ఉండే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. ఆ చుక్కను పెంచిన ద్రవాన్ని రెండు కువెట్లలో వేసి, రెండింటిలోనూ ఎన్ఏడీ పోసి, ఒకదానిలో ఎల్ ఎంజైము, ఇంకోదానిలో డి ఎంజైము కలపాలి. చర్య వెనక్కి మళ్లకుండా ద్రవాన్ని క్షారంగా ఉంచి, తయారైన పైరువేట్‌ను ఎప్పటికప్పుడు తొలగించే ఇంకో ఎంజైమూ కలపాలి. ఎవరి రూపం వాళ్లకు దొరికితే ఎన్ఏడీహెచ్ పుట్టి 340 నానోమీటర్ల దగ్గర రీడింగు లేస్తుంది. ఎల్ కువెట్‌లో రీడింగు లేచి డి కువెట్‌లో కదలకపోతే, ఆ బాక్టీరియాను గ్లిసరాల్‌లో వేసి గడ్డకట్టించి దాచాలి, ఎక్కడి కుప్పలో ఏ రోజు దొరికిందో రాయాలి, దాని జన్యువులు చదివించాలి, మొలాసిస్ మీద మళ్లీ మళ్లీ పరీక్షించాలి. రెండు కువెట్లలోనూ లేస్తే ఆ ప్లేటు పక్కన పెట్టి, తుమ్మపాల వైపో చోడవరం వైపో ఇంకో పిప్పి కుప్ప దగ్గరికి బయలుదేరాలి.